స్పీడ్ తగ్గించేస్తే స్లోమోషన్ అయిపోదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో యానిమే (జపనీస్ యానిమేషన్) క్లిప్పులతో చేసే ఎడిట్ల గురించి రాస్తూ, స్లోమోషన్‌కు స్పీడ్ 50 శాతానికి తగ్గించి, రెండు ఫ్రేముల మధ్య కదలికను ఊహించి కొత్త ఫ్రేములు పుట్టించే ఆప్టికల్ ఫ్లో పెడితే చాలన్నారు. అలా చేస్తే ఏడుపు సీన్ కాస్తా గతుకుల రోడ్డెక్కిన ఆటోలా తయారవుతుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఫోన్‌ది అసలే కాదు.

యానిమే సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది గానీ, బొమ్మలు అన్ని ఉండవు. ఒక్కో బొమ్మను చాలాచోట్ల రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు. అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలే. పక్కపక్క ఫ్రేములు రెండూ ఒకటే అయితే వాటి మధ్య కొత్తగా పుట్టేదేముంది? కాసేపు ఆగడం, గభాలున కదలడం, మళ్లీ ఆగడం. అందుకే ముందు డూప్లికేట్లు, అంటే ఒకే బొమ్మ మళ్లీ వచ్చిన ఫ్రేములు, ఏరెయ్యాలి. మధ్య ఫ్రేములు పుట్టించే ఫ్లోఫ్రేమ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఆప్షన్ ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో చేత్తో తీసేవాళ్లూ ఉన్నారు, విసుగే కానీ నమ్మకమైన పని.

ఇక్కడ లెక్క మారుతుంది. 2 సెకన్ల షాట్‌లో 48 ఫ్రేములు. బొమ్మలు మూడేసి ఫ్రేములు నిలిచుంటే ఏరాక మిగిలేవి 16. అవి సెకనులో మూడింట రెండు వంతుల్లోనే అయిపోతాయి. కాబట్టి షాట్ 4 సెకన్లు సాగాలంటే స్లోమోషన్ ప్లగిన్ ట్విక్స్‌టర్‌లో పెట్టాల్సింది 50 కాదు, దాదాపు 17 శాతం.

షాట్‌ను కట్ దగ్గర కచ్చితంగా తెంపాలి. పక్క షాట్‌ది ఒక్క ఫ్రేము మిగిలినా ముఖం కరిగి ఆకాశంలో కలిసిపోతుంది. సబ్‌టైటిళ్లు ముద్రపడిన కాపీ అసలు వాడొద్దు, అక్షరాలు వణుకుతాయి.

గాలికి ఎగిరే జుట్టు బాగా వస్తుంది. కనురెప్ప రాదు. తెరిచిన, సగం మూసిన, మూసిన బొమ్మలు మూడే ఉంటే మధ్యలో రెప్ప మసిలా అలుక్కుపోతుంది. రెప్పపాటును మామూలు వేగంలోనే వదిలి, ఆ తర్వాత నెమ్మదించాలి. కన్నీటి చుక్క ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మరీ దూరం దూకితే జారదు, పైన మాయమవుతూ కింద తేలుతుంది. నేపథ్యం ప్రతి ఫ్రేముకూ జరుగుతూ పాత్ర మాత్రం రెండేసి ఫ్రేములకు కదిలే షాట్లలో డూప్లికేట్లు దొరకవు. పాత్ర చుట్టూ గీత గీసి (మాస్క్) నేపథ్యం నుంచి విడదీసే ఓపిక లేకపోతే ఆ షాట్ మానుకోవడమే మేలు.

ఇంకొకటి. దర్శకుడు కావాలని సెకను పాటు నిలిపిన ముఖం కూడా ఏరివేతలో ఒక్క ఫ్రేమై మిగులుతుంది. ఆ నిలుపు ఎక్కడ, ఎన్ని ఫ్రేములో ముందే రాసిపెట్టుకుని, చివర్లో ఆ ఫ్రేమును అక్కడ ఫ్రీజ్ చెయ్యాలి.

– ఒక వీడియో ఎడిటర్, హైదరాబాద్