రీలు తిప్పి పంపిన లైబ్రరీ

సంపాదకుడికి,

పాత సినిమా దొరకట్లేదంటే నెపం నిప్పు మీదికి నెట్టడం అలవాటైంది. హాలీవుడ్ మూకీ తార థెడా బారా నటించిన ‘క్లియోపాత్రా’ (1917) గురించీ అంతే. 1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ మూకీలు తగలబడ్డాయి, అదీ పోయిందంటారు. ఇప్పుడు మిగిలింది కొన్ని సెకన్ల తునకలే.

అక్కడ ఎవరూ నిప్పు పెట్టలేదు. ఆనాటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. పాతబడేకొద్దీ ఆమ్ల వాయువులు వదులుతుంది. గాలాడని గదిలో అవే మళ్లీ ఫిల్మును తినేస్తాయి, వేడి పుడుతుంది, ఎండలు ముదిరిన రోజున తనంతట తానే అంటుకుంటుంది. ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కనుక నీళ్లలో ముంచినా ఆరదు.

కానీ అసలు తప్పు పాతికేళ్ల ముందే జరిగింది. 1912కి ముందు అమెరికా కాపీరైట్ చట్టంలో సినిమాకు చోటు లేదు. అందుకని నిర్మాతలు సినిమాను ఫొటో కాగితం చుట్టల మీద అచ్చేసి, ‘ఫొటోలు’గా నమోదు చేయించేవారు. కాగితం కాబట్టి నిలిచింది. వాటి నుంచే సుమారు 3,000 సినిమాలు మళ్లీ ఫిల్ముకెక్కాయి. 1912లో చట్టం సినిమాను గుర్తించింది. అప్పటి నుంచి చాలా ఏళ్లు, ఆ నమోదు చూసే అమెరికా గ్రంథాలయం ‘లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్’, మంటల భయంతో, ప్రింట్లను నిర్మాతలకే తిప్పి పంపి వివరాల కాగితాలు అట్టేపెట్టుకుంది. చట్టం బాగుపడ్డాక సినిమా పోయింది!

మన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) కూడా ఇప్పుడు లేదు. పుస్తకాలను నాలుగు గ్రంథాలయాలకు పంపాలనే 1954 చట్టంలో సినిమా ఊసే లేదు.

రాయితీ ఇచ్చే ప్రతి సినిమాకూ రెండు తెలుగు రాష్ట్రాలూ ఒక షరతు పెట్టవచ్చు: భద్రపరచడానికి ఒక ప్రతి ఇవ్వాలి. థియేటర్‌కు వెళ్లే డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజీ) తీసుకుంటే లాభం లేదు, దానికి సాధారణంగా డిజిటల్ తాళం ఉంటుంది, తాళంచెవి గడువు దాటితే తెరుచుకోదు. తాళం లేని మాస్టర్ (మూల ప్రతి), విడి సౌండ్ ట్రాకులు రెండు ఊళ్లలో రెండు ఎల్‌టీవో టేపుల్లో (కంప్యూటర్ డేటా దాచే టేపులు) ఉండాలి. వాటిని చదివే కొత్త డ్రైవులు పాత తరాల టేపులను చదవలేవు కాబట్టి, కొన్నేళ్లకోసారి కొత్త టేపుకు ఎక్కించే ఖర్చు కూడా ఆ షరతులోనే రాయాలి.

మూతపడిన హాళ్లలో పాత రీళ్లున్నవారికి ఒక మాట: డబ్బాలో వెనిగర్ వాసన వస్తే అది పాడవుతున్న అసిటేట్ (మరో రకం ఫిల్ము), చల్లని పొడి చోట విడిగా పెట్టండి. అంచున ‘నైట్రేట్’ అని ఉన్నా, బంకగానో నురుగుగానో మారినా ప్రొజెక్టర్ ఎక్కించకండి, అంటించి పరీక్షించకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను సంప్రదించండి.

– ఒక ఫిల్మ్ సంరక్షకుడు, హైదరాబాద్