చేతుల మీద దద్దుర్ల సంగతి

అమ్మా,

మొన్న వీడియో కాల్‌లో నా చేతులు చూసినప్పటి నుంచి నీకు నిద్ర లేదట, చెల్లి చెప్పింది. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు కదా, అందుకే రాస్తున్నా. జబ్బు కాదమ్మా. మా ఫ్యాక్టరీలో కడ్డీలు తయారుచేసే లైను మొదట్లో ర్యాకు నిండా గాజు దారం ఉండలుంటాయి, తెగిన పోచలు చర్మానికి గుచ్చుకుంటే దురద, అంతే. నువ్వు భయపడే ఊపిరితిత్తుల సంగతికొస్తే, ఒక్కో పోగు 10 నుంచి 20 మైక్రాన్ల లావు, అంత లోపలికి పోవాలంటే 3 మైక్రాన్ల లోపు ఉండాలి. కోసేటప్పుడు దుమ్ము లేస్తుంది, మాస్కు పెట్టుకుంటున్నా. పొడుగు చేతుల చొక్కా వేసుకోకపోవడం మాత్రం నా తప్పే.

నాన్న అందరికీ మా మెషీన్ని జంతికల గొట్టం అని చెప్తున్నాడట. జంతికలు నొక్కితే వస్తాయి, ఇది లాగితే వస్తుంది! దారాన్ని వేడి అచ్చులోంచి, తర్వాత చల్లటి అచ్చులోంచి లాగితే అటువైపు కడ్డీ. ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన చూసిన ఫైబర్ ప్యానెళ్ళు ఉడికిన గుడ్డు లాంటివి, మళ్ళీ కరగవు. మాది గాజు పోగుల్ని నైలాన్‌తో అతికించిన కడ్డీ, బెల్లం లాంటిది, వేడి చేసి వంచుకోవచ్చు. చిక్కేమిటంటే కరిగిన నైలాన్ ముదురు పాకంలా ఉండి పోగుల మధ్యకి దూరదు, అందుకని గాజు పోగులూ నైలాన్ పోగులూ ముందే కలిపేసిన దారం వాడతాం.

పోయిన వారం ఆ దారాన్ని ఆరబెట్టకుండా ఎక్కించేశాను. నైలాన్ గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, 220 డిగ్రీలు దాటిన అచ్చులో అది ఆవిరైపోయి, కడ్డీ కోసి చూస్తే లోపలంతా సూది మొనంత చిల్లులు. సగం రోజు పని చెత్తలోకి. మేనేజర్ ఒక్క మాట అనలేదు, ఒక ముక్క తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిన రోజు నువ్వు చూసిన చూపు గుర్తొచ్చింది, అదే నయం, తర్వాత అన్నం పెట్టావు.

ఆవకాయ పంపకు, ఇంకా ఉంది. అంటే అడుగున నూనె ఉంది, దాంతో కలుపుకుంటున్నా. ఇక్కడ నాలుగున్నరకే చీకటి, ఇంటికొచ్చి లైటు వేసి కుక్కర్ పెడితే ఆ విజిలే తోడు.

సంక్రాంతికి రావడం కష్టమేనమ్మా. సెలవు అడిగాను, అడగలేదనుకోకు.

పెరంబూరులో మళ్ళీ వానలట. నాన్న పెన్షన్ కాగితాలు కింది బీరువాలోంచి తీసి అటక మీద పెట్టించు. నువ్వు ఎక్కకు, ఆ స్టూలు కాలు ఊగుతుంది.

నీ
చిన్నోడు