రాజీనామాకు ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఉద్యోగం మానేసి పూర్తిగా రచన మీదే ఉంటానంటూ నువ్వు రాసిన ఉత్తరం అమ్మా నేనూ చదివాం. రాయాలన్న నీ పట్టుదల మీద నాకు ఏ సందేహమూ లేదు. సందేహమంతా ఉద్యోగం మానడం గురించే. ఇన్నేళ్లుగా ఇతరుల రాతప్రతులు దిద్దుతున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. నిర్ణయం నీది.

ఇల్లు గడిపే భారాన్ని మొదటి పుస్తకం మీద పెట్టకు. పెడితే ప్రతి అధ్యాయాన్నీ అమ్ముడుపోతుందా లేదా అన్న బెంగతోనే చూస్తావు. ఇంకా పని మిగిలి ఉన్న ప్రతిని డబ్బు అవసరం కొద్దీ ముందే పంపేస్తావు. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో పనిచేస్తూనే నవల తరవాత నవల రాశాడు. తెల్లవారుజామున లేచి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. నవలలతో పేరొచ్చాక కూడా వెంటనే ఉద్యోగం వదలలేదు. అరవయ్యో ఏట రాబోయే పింఛనుకు సరిపడా ఆదాయం పొదుపు మీద వచ్చేలా చూసుకుని, 1867లో రాజీనామా చేశాడు. ఆయన వేగం నీకు అవసరం లేదు. ఆ కట్టుబాటు మాత్రం కావాలి. రోజులో ఒక గంట ఎంచుకుని ఎవరికీ ఇవ్వకు. సమాచారం వెతుక్కోవడం, పాత పేజీలు చదువుకుని మురిసిపోవడం ఆ గంటలో వద్దు.

చేయి తిరగడానికి అమెరికా రచయిత, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేసిన సాధన ఒకటుంది. నాకు అది ఎంతో ఇష్టం. పత్రికలో నచ్చిన వ్యాసాన్ని తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, మూలం చూడకుండా ఆ గుర్తులతోనే వ్యాసమంతా తన మాటల్లో మళ్లీ రాసేవాడు. తరవాత రెండింటినీ పోల్చి తాను ఎక్కడ తేలిపోయాడో చూసుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తులన్నీ కలగాపులగం చేసి, కొన్ని వారాల తరవాత తిరిగి వరస కుదుర్చుకునేవాడు. ఆలోచనకు క్రమం నేర్పడానికి అంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. నీకు ఇష్టమైన కథతో చేసి చూడు. అనుకరణ అవుతుందన్న భయం వద్దు, అది నీ నోటుపుస్తకం దాటి బయటకు రాదు కదా.

ఇక నువ్వు పంపిన కథ. అక్క తాళంచెవి దాచిన క్షణంలో అది ప్రాణం పోసుకుంది. కానీ ఆ క్షణం మూడో పేజీలో ఉంది. అంతకుముందు ఉన్నదంతా కథ నీకు దొరికేదాకా నువ్వు రాసుకున్నది, పాఠకుడికి దానితో పని లేదు. అక్కకు కోపం వచ్చిందని మూడు చోట్ల చెప్పావు. చెల్లెలు పిలిచినా పలకకుండా ఆమె గిన్నెలు తోముతూనే ఉండటం చాలదా? ఆ దృశ్యం రాయగలిగిన నీకు మిగతా మూడు వాక్యాలూ అక్కర్లేదు. ఆ దృశ్యం చదివి నేను ఎంత గర్వపడ్డానో అమ్మను అడుగు.

చిత్తుప్రతి పూర్తయ్యాక నెలరోజులు దాని జోలికి వెళ్లకు. తిరిగి తీసినప్పుడు ముందు కథ నడక చూడు: ఏ దృశ్యం తీసేసినా కథ చెక్కుచెదరదో ఆ దృశ్యం పోవాలి. వాక్యాల సంగతి ఆ తరవాతే. చాలామంది ముందు వాక్యాలు చెక్కుతారు. అంత శ్రమపడి చెక్కిన అధ్యాయాన్ని తీసేయాల్సి వచ్చేసరికి చేతులు రావు. చివరగా పైకి చదువుకో. నీ నాలుక తడబడిన చోట పాఠకుడూ ఆగుతాడు. చదవమని ఇచ్చినవాళ్లను బాగుందా అని అడగకు, మొహమాటానికి బాగుందంటారు. ఎక్కడ పక్కన పెట్టేశారో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చిందో అడుగు.

పత్రికకు పంపేముందు వాళ్ల నిబంధనలు పూర్తిగా చదువు. ఏది ఎప్పుడు ఎక్కడికి పంపావో రాసి పెట్టుకో, జవాబు కోసం ఎదురుచూడకుండా తరవాతి కథ మొదలుపెట్టు. తిరిగొచ్చిన కథతో పాటు సంపాదకుడు కారణం రాసి పంపితే దాన్ని జాగ్రత్త చేసుకో, అంత తీరిక చేసుకుని రాసేవారు తక్కువ.

పుస్తకం అచ్చుకు వచ్చినప్పుడు ఒప్పందం ప్రతి పంక్తీ చదవాలి. నువ్వు సొంతంగా రాసుకున్న దానిపై హక్కు రాసిన క్షణం నుంచే నీది. రచయితల హక్కులను కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన 1886 నాటి బెర్న్ ఒడంబడికలో చేరిన దేశాల్లో ఆ హక్కు దక్కడానికి నమోదు చేయించాల్సిన అవసరం లేదు. కాబట్టి ప్రచురణకర్తకు ఏ హక్కు, ఏ భాషలో, ఎన్నేళ్లకు ఇస్తున్నావో స్పష్టంగా ఉండాలి. అనువాదం, ఆడియో, సినిమా హక్కుల మాట విడివిడిగా రాయించుకో. ప్రతులు అయిపోయి మళ్లీ అచ్చువేయకపోతే హక్కులు నీకు తిరిగి వచ్చే షరతు అడుగు. రాయల్టీ, అంటే అమ్ముడైన ప్రతి పుస్తకానికీ నీకు వచ్చే వాటా, దేనిమీద లెక్కిస్తారో కూడా చూడు. పుస్తకం వెల 400 అనుకో. వెల మీద 10 శాతమైతే నీకు 40 వస్తుంది. అమ్మకందారుకు సగం తగ్గింపు ఇచ్చాక ప్రచురణకర్త చేతికి వచ్చే 200 మీద 10 శాతమైతే నీకు దక్కేది 20. ముందుగా ఇచ్చే అడ్వాన్సును కూడా ఆ రాయల్టీలోంచే మినహాయించుకుంటారు. నీ దగ్గరే డబ్బు తీసుకుని పుస్తకం వేస్తామనేవాళ్లు నీకు అచ్చు సేవ అమ్ముతున్నారు, నీ రచనను ఎంపిక చేయడం లేదు. తెలిసి, లెక్క చూసుకుని ఆ దారిన వెళ్తే తప్పు లేదు. పొగడ్తలకు లొంగి మాత్రం వెళ్లకు.

ఏ ఒప్పందం వచ్చినా సంతకం పెట్టకముందే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చదువుదాం. పుస్తకం వచ్చి, మొదటి ఏడాది రాయల్టీ లెక్క నీ చేతికి అందాక, ఆ అంకెను నీ ఏడాది ఖర్చు పక్కన రాసి చూసుకో. రాజీనామా మాట అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా కథను ఆ తాళంచెవి దగ్గర మొదలుపెట్టి, తిరగరాసి పంపు.

ప్రేమతో,
నాన్న