వింత అచ్చువేసేటప్పుడు షరతు కోసేయకండి

సంపాదకులకు నమస్కారం.

పేజీ అడుగున మూడు నాలుగు వాక్యాల్లో వచ్చే 'మీకు తెలుసా?' పెట్టెను సంపాదకీయం కన్నా ఎక్కువమందే చదువుతారు. పిల్లలు దాన్ని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటారు, పెద్దలు ఫొటో తీసి పదిమందికీ పంపిస్తారు. అందుకే ఈ ఉత్తరం. అందులో వచ్చేవన్నీ అబద్ధాలని నేననడం లేదు. చాలావరకు నిజాలే. కాకపోతే ఏ షరతు మీద నిజమో ఆ షరతు ఎగిరిపోయి మిగతాది అచ్చవుతోంది. చోటు చాలక తీసేసే ఆ ముక్కలోనే చాలాసార్లు అసలు విశేషం ఉంటుంది.

తేనె సంగతే చూడండి. 'తేనె ఎన్నేళ్లయినా చెడిపోదు' అని ఏడాదికోసారైనా ఎక్కడో ఒకచోట కనపడుతుంది. తేమ తక్కువగా ఉండి, మూత గట్టిగా ఉన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది. పూల నుంచి ఈగలు తెచ్చే మకరందంలో సగానికి పైగా నీళ్లే ఉండొచ్చు. గూట్లో రెక్కలతో విసిరి విసిరి ఆ నీటిని 18 శాతానికో, ఇంకా కిందికో దించాకే గదికి మైనం మూత వేస్తాయి. అంత చిక్కటి తేనెలో సూక్ష్మజీవి పడితే దాని ఒంట్లో ఉన్న నీళ్లనే చక్కెర లాగేస్తుంది. దానికి తోడు తేనెకు ఆమ్లగుణం ఉంది, పీహెచ్ 4కు అటూఇటూగా ఉంటుంది. ఈగల నుంచి కలిసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనె కాస్త పలచబడితే హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. ఇన్ని కాపలాలున్నా, మూత వదులుగా ఉన్న సీసాలో తేనె గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. తేమ 20 శాతం దాటిందంటే తీపిని తట్టుకునే ఈస్టు పని మొదలుపెడుతుంది. పైన నురుగు కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది, మూత తిప్పితే బుస్సుమంటుంది. తడి చెంచా ముంచినా ఇదే జరుగుతుంది. మైనం మూత పడని గదుల నుంచి తొందరపడి తీసిన తేనెకైతే సీసాలోకి రాకముందే ఈ రోగం ఉంటుంది.

గడ్డకట్టిన తేనెను కల్తీ అనుకుని పారబోసేవాళ్లూ ఉన్నారు. అవి గ్లూకోజు పలుకులు, అంతే. 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొందరగా కడతాయి. చల్లదనానికి అవి కరగవు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టడం దండగ. సీసాను 40 డిగ్రీల నీళ్లలో, అంటే వేలు హాయిగా ముంచగలిగే వేడిలో, గంటా రెండు గంటలు ఉంచి మధ్యమధ్య కలిపితే కరుగుతుంది. పొయ్యి మీద మరిగిస్తే వాసనా, ఎంజైములూ రెండూ పోతాయి. ఇక నీళ్ల గ్లాసులో చుక్క వేసి, అడుగుకు జారితే అసలుదని తేల్చే పరీక్ష ఉంది చూడండి, అది చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. చిక్కటి చక్కెర పాకం కూడా అచ్చం అలాగే జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించకూడదన్న వాక్యం లేకుండా 'చెడిపోదు' అన్న మాట అచ్చుకెక్కకూడదు. క్లోస్ట్రిడియం బాట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు తేనెలో పెరగవు గానీ చావవు కూడా. పెద్దవాళ్ల పేగుల్లో వాటి ఆటలు సాగవు. పసివాళ్ల పేగుల్లో మొలిచి, కండరాలను చచ్చుబరిచే విషం తయారుచేస్తాయి.

రెండోది, సింకులో నీళ్ల సుడి. ఉత్తరార్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురుగా, దక్షిణార్ధగోళంలో ముల్లు వెంబడి తిరుగుతుందంటారు. భూభ్రమణం వల్ల కలిగే ఆ ప్రభావం నిజమే, తుపానులను తిప్పేది అదే. కానీ తుపాను వందల కిలోమీటర్లు పరుచుకుని రోజుల తరబడి తిరుగుతుంది. సింకు వెడల్పు జానెడు, ఖాళీ అయ్యేది నిమిషం లోపు. అక్కడ సుడి ఎటు తిరగాలో తేల్చేవి కుళాయి ధార ఏ పక్కన పడింది, బిరడా ఎలా లాగారు, సింకు అడుగు ఎటు వాలింది అన్నవే. నమ్మకపోతే నీళ్లు నింపి చేత్తో ఓసారి కుడికీ, ఓసారి ఎడమకీ మెల్లగా తిప్పి వదలండి. ఎటు తిప్పితే అటే సుడి పడుతుంది.

అయితే ఆ ప్రభావాన్ని తొట్టిలో చూడడం అసాధ్యం కాదు, ఓపిక కావాలి. 1962లో అమెరికాలోని ఎమ్‌ఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో ఆషర్ షపీరో అనే ప్రొఫెసర్ చేసి చూపించారు. ఆయన తొట్టి 6 అడుగుల వ్యాసం, అందులో 6 అంగుళాల లోతు నీళ్లు, సరిగ్గా మధ్యలో 3/8 అంగుళం రంధ్రం. నింపేటప్పుడే నీళ్లను కావాలని గడియారం ముల్లు వెంబడి తిప్పారు, ఫలితం దానికి ఎదురుగా వస్తే అనుమానానికి తావుండదని. గాలి తగలకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పి 24 గంటలు కదపకుండా వదిలేశారు. బిరడాను కింది నుంచి లాగారు. తొట్టి ఖాళీ కావడానికి 20 నిమిషాలు పట్టింది. మొదటి 12 నిమిషాల పైన తిరుగుడే లేదు, తేలుతున్న చెక్కముక్క కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా మొదలై, చివర్లో మూడు నాలుగు సెకన్లకో చుట్టు చొప్పున, ముల్లుకు ఎదురుగా తిరిగింది. 1965లో సిడ్నీలో మరో బృందం అదే పద్ధతిలో చేస్తే ముల్లు వెంబడి తిరిగింది. నీళ్లను ఒక రోజంతా నిలవనివ్వకుండా ఆ గంటో రెండు గంటలో ఆగి చేసినవాళ్లకు నింపినప్పటి తిరుగుడే కనపడుతుంది. ఈ తొట్టి కథ మొత్తం ఒక్క వాక్యానికి కుదించి 'తూములో నీళ్లు ఎడమకు తిరుగుతాయి' అని వేస్తే చదివేవాడికి దక్కేదేమిటి?

'ఏ కాగితాన్నైనా ఏడుసార్లకు మించి మడవలేం' అన్నదీ ఈ కోవలోదే. ఒక్కో మడతకు పొరలు రెట్టింపవుతాయి, ఏడో మడతకు 128 పొరలు. 0.1 మిల్లీమీటరు మందం కాగితమైతే 12.8 మిల్లీమీటర్ల దిమ్మె. అడ్డం పడేది మందం ఒక్కటే కాదు, ఆ మందం చుట్టూ వంపు తిరగడానికి ఖర్చయ్యే పొడవు కూడా. 2002లో అమెరికాలో బ్రిట్నీ గాలివన్ అనే హైస్కూలు విద్యార్థిని ఈ లెక్క కట్టి, దాదాపు 1,200 మీటర్ల టాయిలెట్ పేపరును ఒకే దిశలో 12 సార్లు మడిచి చూపింది. ఆమె సూత్రం ప్రకారం 0.1 మిల్లీమీటరు కాగితానికి ఆరు మడతలకు కనీసం 22 సెంటీమీటర్ల పొడవు చాలు. ఏడింటికి 88 సెంటీమీటర్లు, ఎనిమిదింటికి మూడున్నర మీటర్లు కావాలి. అంటే ఒక్కో మడతకూ దాదాపు నాలుగింతలు. 29.7 సెంటీమీటర్ల ఏ4 కాగితం ఒకే దిశలో ఆరు దగ్గర ఆగిపోవడం అందుకే. పత్రిక కాగితం ఇంకా పలచన, 0.07 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దానికి ఏడో మడతకు 61 సెంటీమీటర్లు చాలని లెక్క చెబుతుంది. మీ పత్రిక మధ్య షీటు పరిచి పాఠకులు తామే ప్రయత్నించవచ్చు. ప్రతి మడతకూ గోటితో గట్టిగా గీయాలి, లేదంటే అయిదో మడతకే ఉబ్బి చేతికి లొంగదు.

కీచురాళ్ల అరుపులు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పొచ్చన్న విశేషం నాకు చాలా ఇష్టం, కాబట్టి దాన్ని పాడుచేస్తే కాస్త ఎక్కువే బాధ. 1897లో ఏమస్ డాల్‌బేర్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం అది. సెల్సియస్‌లోకి మారిస్తే 8 సెకన్లలో వినపడిన అరుపులకు 5 కలపాలి. కీచురాయికి సొంతంగా ఒంటి వేడి ఉండదు. గాలి వేడెక్కే కొద్దీ కండరాల్లో రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, రెక్కలు రాసుకోవడమూ జోరందుకుంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ అంకె చక్కగా సరిపోయేది ఉత్తర అమెరికాలో చెట్ల మీద ఉండే లేతాకుపచ్చ కీచురాయి ఒక్కదానికి. అది విడివిడిగా, తాళం తప్పకుండా అరుస్తుంది. వేరే జాతులకు వేరే అంకెలు. కొన్ని ఎక్కడా తెగకుండా గీపెడుతూనే ఉంటాయి, వాటిని లెక్కపెట్టడమే కుదరదు.

కనక పాఠకుడికి సూత్రం ఇచ్చే బదులు, సూత్రం కట్టుకునే దారి ఇవ్వండి. తెగి తెగి అరిచే ఒక్క కీచురాయిని ఎంచుకోవాలి. 8 సెకన్ల చొప్పున అయిదుసార్లు లెక్కపెట్టి సగటు తీయాలి. అది ఉన్న పొద దగ్గరే థర్మామీటరు ఉంచాలి. ఇంటి గోడ మీదిది పనికిరాదు, పగటి ఎండకు కాగిన గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. చలిగా ఉన్న రాత్రులూ, ఉక్కగా ఉన్న రాత్రులూ కలిపి ఏడెనిమిది కొలతలు గ్రాఫు కాగితం మీద పెడితే ఇంచుమించు సరళరేఖ వస్తుంది. ఆ రేఖ ఆ జాతికి, ఆ చోటికి. గుంపుగా అరుస్తున్నప్పుడు లెక్కపెడితే రెండు పురుగుల అరుపులు కలిసి అంకె ఉత్తపుణ్యానికి పెరిగిపోతుంది.

చంద్రుడి దగ్గర మాత్రం పత్రికలన్నీ కట్టకట్టుకుని తొందరపడతాయి. ఉదయించేటప్పుడు పెద్దగా కనపడడం కంటికి కలిగే భ్రమ. చెయ్యి పూర్తిగా చాపి చిటికెన వేలు అడ్డం పెడితే దాని వెడల్పు దాదాపు ఒక డిగ్రీ, చంద్రబింబం అర డిగ్రీ. సగం వేలు చాలు, బింబం మరుగున పడిపోతుంది, అది దిగంతం మీదున్నా నడినెత్తి మీదున్నా. ఆ మాటకొస్తే దిగంతం మీద ఉన్నప్పుడే అది మనకు ఎక్కువ దూరం. నడినెత్తికి వచ్చేసరికి భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు దగ్గరవుతుంది. కొలిస్తే పైనున్న బింబమే ఒకటిన్నర శాతం పెద్దది! కాగితాన్ని గొట్టంలా చుట్టి, చుట్టూ చెట్లూ ఇళ్లూ కనపడకుండా చూస్తే ఉదయించే చంద్రుడు చాలామందికి అప్పటికప్పుడు చిన్నబోతాడు. 'సూపర్ మూన్ 14 శాతం పెద్దది' అని వేసేటప్పుడు దేనికన్నా అన్నది కూడా వేయండి. ఆ 14 శాతం, అన్నిటికన్నా దూరాన ఉన్న పున్నమి చంద్రుడితో పోల్చినప్పటి మాట. మామూలు పున్నమితో పోలిస్తే తేడా 7 శాతం. పక్కన ఇంకో చంద్రుడు లేకుండా ఆ తేడాను ఉత్త కంటితో పసిగట్టడం కష్టం.

చైనా గోడ చంద్రుడి మీది నుంచి కనపడుతుందన్న మాటకు ఎక్కువ చోటు అక్కర్లేదు. 1969లో మనిషి అక్కడ కాలు పెట్టకముందే అది పుస్తకాల్లోకి ఎక్కేసింది. మంచి చూపు విడదీయగలిగే కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. చంద్రుడి దూరానికి అది 110 కిలోమీటర్ల వెడల్పుతో సమానం, 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వ్యోమనౌకకు 115 మీటర్ల పైన. గోడ వెడల్పు చాలాచోట్ల పది మీటర్లు కూడా లేదు, రంగు చుట్టూ ఉన్న మట్టి రంగే. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి చైనా వ్యోమగామి యాంగ్ లివే తనకు గోడ కనపడలేదని చెప్పాక కూడా ఈ మాట చావలేదు.

పెట్టెలో ఇంత రాయడం కుదరదని తెలుసు. మూడు వింతలు వేసే చోట ఒక్కటే వేసి, దాని కారణం, అది చెల్లని చోటు, చేయాల్సిన పని కూడా రాస్తే సరిపోతుంది. నమూనాగా ఒకటి రాసి పంపుతున్నాను, పనికొస్తే వాడుకోండి:

'మెరుపు కనపడిన క్షణం నుంచి ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే మెరుపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, వెలుగుకు ఆ దూరం లెక్కలోకి రాదు. మెరుపులు వెంటవెంటనే వస్తుంటే ఈ లెక్క పనిచేయదు, ఏ ఉరుము దేనిదో తెలియదు. 15 కిలోమీటర్లు దాటితే మామూలుగా ఉరుము వినపడదు, కాబట్టి వినపడిందంటేనే పిడుగు పడగల దూరంలో ఉన్నట్టు. ఉరుము వినపడగానే పక్కా కట్టడంలోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఒకసారి పడిన చోట పిడుగు మళ్లీ పడదనుకోవద్దు, న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఏటా సగటున 20 సార్లకు పైగా పడుతుంది.'

ఇట్లు,
సైన్సు పాఠాలు చెప్పే ఒక పాఠకుడు