ఎంపీల జీతభత్యాలను ఎవరు నిర్ణయించాలి? పార్లమెంటరీ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ మంత్రి శ్రీ కిరెన్ రిజిజు గారికి,

నమస్కారం.

2025 మార్చి 24న మీ శాఖ వెలువరించిన నోటిఫికేషన్‌తో పార్లమెంటు సభ్యుల నెల జీతం లక్ష రూపాయల నుంచి 1,24,000 రూపాయలకు, సమావేశాల రోజుల్లో ఇచ్చే దినభత్యం 2,000 నుంచి 2,500కు, మాజీ సభ్యుల కనీస పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగాయి. ఈ పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుందన్నారు కాబట్టి రెండేళ్ల బకాయిలు కూడా దానితోపాటే వచ్చాయి. ఆ మొత్తాలు ఎక్కువని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. వాటిని నిర్ణయిస్తున్న పద్ధతి సరైనది కాదని, దాన్ని మార్చే అధికారం, అవకాశం రెండూ మీ శాఖకు ఉన్నాయని చెప్పడానికే రాస్తున్నాను.

ఎంపీకి మంచి జీతం ఇవ్వాలనే నేను నమ్ముతాను. పుచ్చలపల్లి సుందరయ్య గారు రాజ్యసభ సభ్యుడిగా ఉన్న రోజుల్లో సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లేవారని తెలుగునాట ఇప్పటికీ గౌరవంతో చెప్పుకుంటాం. ఆయన త్యాగానికి చేతులెత్తి మొక్కవలసిందే. కానీ ఒక వ్యవస్థను త్యాగాల మీద ఆధారపడి నడపకూడదు. జీతం చాలకపోతే సొంత ఆస్తి ఉన్నవాళ్లు, లేదా ఎవరో కాంట్రాక్టరు ఖర్చు భరించేవాళ్లు మాత్రమే ఆ పదవిలో నిలబడగలుగుతారు. ఉత్తరాన పాలకొండ నుంచి దక్షిణాన రంపచోడవరం వరకు కొండల మీదుగా పరుచుకున్న అరకు నియోజకవర్గంలో తిరగడానికయ్యే ఖర్చూ, నగరంలోనే ఇమిడిపోయిన సికింద్రాబాద్ నియోజకవర్గంలో తిరగడానికయ్యే ఖర్చూ ఒకటి కావు. అయినా ఇద్దరు ఎంపీలకూ నియోజకవర్గ భత్యం నెలకు అదే 87,000 రూపాయలు. నిజంగా అవసరమెంతో లెక్కగట్టేవారు లేకపోవడం వల్ల అరకు లాంటి చోట్ల ప్రజలకే అన్యాయం జరుగుతోందన్న సంగతి ఈ చర్చలో ఎవరూ ఎత్తరు.

రాజ్యాంగంలోని 106వ అధికరణం ఎంపీల జీతభత్యాలను చట్టం ద్వారా నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది. 1954లో చట్టం చేసినప్పుడు నెలకు 400 రూపాయల జీతం, రోజుకు 21 రూపాయల భత్యం పెట్టుకున్నారు. అప్పటి నుంచి 2018 దాకా పెంపులన్నింటినీ సభ్యులే ఆమోదించుకున్నారు. 2010లో ఒక కమిటీ కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి జీతం కంటే ఒక్క రూపాయి ఎక్కువగా, 80,001 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఎంపీ చేసే పని ఏమిటి, దానికి ఎంత అవసరం అన్న లెక్క కాక, అధికారి కంటే ఒక మెట్టు పైన ఉండాలన్న పట్టింపే అందులో కనబడుతుంది.

తీసుకునేవారే నిర్ణయించుకోవడం విమర్శకు తావిస్తోందని 2018 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ గారే ఒప్పుకున్నారు. అందుకే అయిదేళ్లకోసారి ధరల పెరుగుదలను కొలిచే ద్రవ్యోల్బణ సూచీని బట్టి జీతం దానంతటదే సవరించబడే ఏర్పాటు తెచ్చారు. ఆ సంకల్పాన్ని నేను గౌరవిస్తాను. అయితే సూచీని వర్తింపజేసే ముందు జీతాన్ని 50,000 నుంచి ఒక్కసారిగా లక్షకు పెంచిందీ సభ్యులే. పైగా దాన్ని బడ్జెట్‌లోని పన్ను ప్రతిపాదనలకు చట్టరూపం ఇచ్చే ఫైనాన్స్ బిల్లులో చేర్చారు. అది ద్రవ్య బిల్లు కాబట్టి దాన్ని సవరించే అధికారం రాజ్యసభకు లేదు. లోక్‌సభలోనైనా చర్చ జరిగిందా అంటే, ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా కోసం, పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం మీద సభ్యులు స్పీకర్ స్థానం ముందున్న ఖాళీ జాగా (వెల్)లో నిలబడి నినాదాలు చేస్తుండగా మార్చి 14న ఆ బిల్లు చర్చ లేకుండానే ఆమోదం పొందింది. మా రాష్ట్రం గోడు వినిపించడానికి ఆ రోజు సభలో సమయం దొరకలేదు, జీతాల పెంపునకు మాత్రం అడ్డు రాలేదు.

సూచీ జీతానికీ, దినభత్యానికీ, పింఛనుకూ వర్తిస్తుంది. నియోజకవర్గ భత్యం, కార్యాలయ ఖర్చులు, ఏడాదికి 34 విమాన ప్రయాణాలు, ఢిల్లీలో ఇల్లు, అందులో ఉచిత విద్యుత్తు, నీరు వంటివన్నీ ఇప్పటికీ ఉభయసభల సభ్యులతోనే ఏర్పడిన సంయుక్త సంఘం రాసే నియమాల మీద నడుస్తున్నాయి. నియోజకవర్గ భత్యానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో మా ఊళ్లోని ఓటరు ఎక్కడ చూసుకోవాలి?

బ్రిటన్ ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసి వచ్చింది. 2009లో అక్కడి ఎంపీల ఖర్చుల కుంభకోణం బయటపడి, స్పీకరే రాజీనామా చేయవలసి వచ్చిన తర్వాత, చట్టం ద్వారా ఒక స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేశారు. జీతం, ఖర్చులు అదే నిర్ణయిస్తుంది. ప్రతి ఎంపీ పెట్టుకున్న ఖర్చుల వివరాలను ప్రజలందరికీ కనబడేలా ప్రచురిస్తుంది. ఆ సంస్థ జీతాలను తగ్గించడానికే పుట్టిందనుకోనక్కరలేదు. 2015లో ప్రధాని డేవిడ్ కామెరాన్ వద్దన్నా అది జీతాన్ని పది శాతం మేర పెంచింది. రాజకీయ నాయకుల సంకోచానికీ, ఆశకూ కూడా లొంగకపోవడమే దాని విలువ.

దినభత్యం విషయం చిన్నదే అయినా చెప్పక తప్పదు. హాజరు నమోదైతే చాలు, సభ పది నిమిషాల్లో వాయిదా పడినా రోజు భత్యం వస్తుంది. 2025 వర్షాకాల సమావేశాల్లో 120 గంటలు చర్చించాలని పార్టీలన్నీ ముందుగా అనుకుంటే లోక్‌సభ నడిచింది 37 గంటలే. సభ నడిచిన సమయాన్ని బట్టి భత్యం ఇచ్చే నియమం పెట్టడం కష్టం కాదు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించేది పింఛను. 1976లో మొదలైనప్పుడు అయిదేళ్లు పనిచేసినవారికి నెలకు 300 రూపాయలు ఇచ్చేవారు. తర్వాతి సవరణల్లో ఆ అయిదేళ్ల షరతు పోయింది. ఇప్పుడు ఎంత కాలం సభ్యులుగా ఉన్నా 31,000, అయిదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ మరో 2,500 వస్తాయి. అదే వ్యక్తి పూర్వం ఎమ్మెల్యేగా కూడా ఉండి ఉంటే ఆ పింఛను దీనికి అదనం. 2022లో పంజాబ్ శాసనసభ ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను అని చట్టం చేసింది. పార్లమెంటు అంతకంటే చిన్న అడుగు కూడా వేయలేదు.

మరోవైపు, జీవితమంతా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద పింఛనుదారులైనవారి కనీస పింఛనును 2014లో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. మీ నోటిఫికేషన్ వెలువడిన నాటికీ అది వెయ్యే. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వయసున్న పేద వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇచ్చేది నెలకు 200 రూపాయలు. మాజీ ఎంపీల పింఛనుకు ధరల సూచీ అవసరమని గుర్తించిన పార్లమెంటు, బియ్యం, మందులు అదే బజారులో కొనుక్కునే ఈ వృద్ధులకు అది అవసరమని ఎందుకు గుర్తించలేదు? మాజీ ఎంపీల పింఛన్ల మీద దాఖలైన పిటిషన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసి, అది పార్లమెంటు తేల్చవలసిన విషయమని వదిలేసింది. అందుకే ఈ అభ్యర్థన న్యాయస్థానానికి కాక మీకు చేస్తున్నాను.

చట్టం ప్రకారం తదుపరి సవరణ 2028 ఏప్రిల్‌లో రావలసి ఉంది. ఆలోపు 1954 చట్టాన్ని సవరించే బిల్లును ఫైనాన్స్ బిల్లులో కలపకుండా విడిగా ప్రవేశపెట్టండి. ప్రస్తుత సభ్యులకూ, మాజీ సభ్యులకూ చోటు లేని ఒక స్వతంత్ర వేతన సంఘానికి జీతం, భత్యాలు, పింఛను మూడూ అప్పగించండి. నియోజకవర్గాన్ని బట్టి భత్యం మారే స్వేచ్ఛను దానికి ఇచ్చి, ప్రతి సభ్యుడి ఖర్చునూ ఏటా ప్రచురించే బాధ్యతను కూడా దాని మీదే పెట్టండి. ఆ సంఘం రెండు లక్షలు ఇవ్వాలని తేల్చినా నేను అభ్యంతరం చెప్పను. బిల్లు తీసుకురావడం ప్రభుత్వానికి సమ్మతం కాకపోతే, దానికి కారణాలేమిటో సభలో ఒక ప్రకటన ద్వారా దేశానికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక ఓటరు