బల్బు మార్చే ముందు తీగ చూడండి

సంపాదకులకు,

మా కారుకు ఇరవై రెండేళ్లు. ఇంజనుకు ఇంకా ఢోకా లేదు గానీ, చీకటి పడ్డాక బండి తీయాలంటే ఏడాదిగా నాకు టెన్షన్. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో దిగి చూసుకోవాల్సి వచ్చేది. లోపం నా కళ్లదేననుకుని కళ్లద్దాలు కూడా మార్పించుకున్నాను.

తర్వాత ఎవరో చెబితే ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. తెల్లగా మెరిసిపోతుంటే సంబరపడ్డాను. ఆ రాత్రి ఎదురొచ్చిన ప్రతి బండీ నా మీద లైట్లు కొట్టింది. నేను లైట్లు కిందికి దించి, డిప్‌లోనే ఉన్నాను! పాత హాలోజన్ బల్బులో ఫిలమెంట్ ఎక్కడుంటుందో దాన్ని బట్టే లోపలి రిఫ్లెక్టర్ వంపు తీర్చి ఉంటుంది. ఎల్‌ఈడీలో వెలుతురు పుట్టే చోటు అచ్చం అక్కడే లేకపోతే, రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. మర్నాడే తీసేశాను.

అసలు దొంగ తీగలో దొరికాడు. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, వెలుగుతున్న బల్బు దగ్గర 11.8. బల్బు పీకేసి కొలిస్తే మాత్రం, కరెంటు పారదు కాబట్టి, అక్కడా 14 చూపిస్తుంది. మొదటిసారి నేనలాగే బోల్తాపడ్డాను. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. మా బండిలో హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ పక్క స్విచ్ గుండా, సన్నటి పాత తీగల్లో తిరిగి వచ్చేది. పైగా తీగ బండి బాడీకి కలిసే ఎర్త్ జాయింటు తుప్పు పట్టింది.

ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లావు తీగ లాగి, హైబీమ్‌కు ఒకటి, డిప్‌కు ఒకటి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) బిగించాడు. ఇప్పుడు స్విచ్ పని రిలేను మీటడం వరకే. ఎర్త్ దగ్గర లోహం తేలేదాకా గీకాడు. బల్బులు పాత 60/55 వాట్లవే (హైబీమ్‌కు 60, డిప్‌కు 55), వెలుతురు కొత్తది. వంద వాట్ల బల్బుల జోలికి మాత్రం వెళ్లకండి, పాత హోల్డర్లు కరుగుతాయి.

పచ్చబడ్డ ప్లాస్టిక్ అద్దాన్ని తడిపిన వాటర్ పేపర్‌తో (సన్నటి గరుకు కాగితం) రుద్ది పాలిష్ పట్టాను. పైన యూవీ పూత వేయకపోతే కొన్నాళ్లకే మళ్లీ మసకబారుతుంది. ఒక పక్క లైటు ఇంకా కాస్త ఎత్తుకు కొడుతోంది. ఈ ఆదివారం గోడ ముందు బండి నిలబెట్టి దాన్ని దించాలి.

ఇట్లు,
ఓ పాత కారు యజమాని