పాత ఉక్కు వంతెనకు తారు పొరలే బరువు

సంపాదకులకు,

అయ్యా,

పాత ఉక్కు ట్రస్ వంతెనలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం వాటి వయసునూ తుప్పునూ మాత్రమే పట్టించుకుంది. వంతెనల తనిఖీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా నేను అంతకన్నా ముందు అడిగే ప్రశ్న వేరు. ఆ వంతెన మీద ఇప్పటిదాకా ఎన్ని పొరల తారు వేశారు?

ట్రస్ అంటే త్రిభుజాల అల్లిక. నాలుగు కడ్డీలను మూలల్లో బిగించి పక్కకు తోస్తే చట్రం ఒరిగిపోతుంది. మూడింటిని బిగిస్తే మాత్రం కడ్డీ వంగితేనో తెగితేనో తప్ప కదలదు. అమెరికాలో 1840లో విలియం హోవ్ రూపొందించిన ట్రస్‌లో కర్రతో చేసిన ఏటవాలు కడ్డీలు నొక్కుడునూ, నిలువు ఇనుప ఊచలు లాగుడునూ మోసేవి. 1844లో ప్రాట్ తండ్రీకొడుకులు ఈ ఏర్పాటును తిరగేశారు. సన్నని పొడవాటి కడ్డీ బాగా లాగినా ఓర్చుకుంటుంది గానీ నొక్కితే విల్లులా వంగుతుంది కాబట్టి, నొక్కుడును పొట్టి నిలువు కడ్డీలకు అప్పగించి ఏటవాలు కడ్డీలను లాగుడుకు వదిలారు. ఇనుముకూ, ఆ తర్వాత ఉక్కుకూ ఈ పద్ధతి చక్కగా కుదిరింది. ఏ కడ్డీపై ఎంత బరువు పడుతుందో కాగితం మీద లెక్కగట్టి, అవసరమైనంత ఉక్కే వాడేవారు. ఆ పొదుపు మెచ్చుకోదగ్గదే, కానీ కడ్డీలు కలిసే ఒక ముఖ్యమైన కూడలి దెబ్బతింటే ఆ భారాన్ని అందుకునే మరో దారి చాలా వంతెనల్లో ఉండదు.

ఇక తారు లెక్క చూద్దాం. 60 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్న స్పాన్ (రెండు ఆధారాల మధ్య వంతెన భాగం) మీద 5 సెంటీమీటర్ల మందాన ఒక్క పొర వేస్తే దాదాపు 48 టన్నులు. లారీ వచ్చి వెళ్లిపోతుంది, ఈ బరువు మాత్రం రాత్రింబవళ్లు అక్కడే ఉంటుంది. పాత పొరను గీకకుండా మూడుసార్లు కొత్తది వేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అమెరికాలోని మినియాపొలిస్‌లో 1967లో ప్రారంభమైన ట్రస్ వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. అంగుళం మందం ఉండవలసిన కొన్ని కూడలి పలకలను, అంటే కడ్డీలను కలిపి పట్టే గస్సెట్ ప్లేట్లను, డిజైన్ పొరపాటు వల్ల అరంగుళానికే చేశారు. ఆ లోపం నలభై ఏళ్లు బయటపడలేదు. 1977లో డెక్ (వాహనాలు నడిచే తలం) మీద అదనంగా వేసిన రెండంగుళాల కాంక్రీటు, తర్వాతి మార్పుల బరువు, కూలిన రోజు మరమ్మతుల కోసం డెక్ మీద పోసిన సుమారు 260 టన్నుల సామగ్రి, యంత్రాలు కలిసి ఆ పలకలను ఓడించాయి.

తారు పెరిగిన వంతెనను గుర్తించడం కష్టం కాదు. రోడ్డు అంచున ఉండే గట్టు ఒకప్పుడు జానెడు ఎత్తుంటే, ఇప్పుడు చక్రం సులువుగా ఎక్కేంత మిగులుతుంది. నీరు పోయే గొట్టాల మూతులు తారు కింద పూడిపోతాయి. దారిలేని వాననీరు పక్కలకు పొర్లి కింది కడ్డీల కూడళ్లలో చేరుతుంది. మీ వ్యాసకర్త కలవరపడిన తుప్పు తరచుగా అక్కడే మొదలవుతుంది. పలకల మధ్య చేరిన తుప్పు ఉబ్బి వాటినే వంచేస్తుంది. పలకలను బిగించే రివెట్ తల మీద చిన్న సుత్తితో కొట్టి, రెండో వైపు వేలు ఆనించి చూస్తే వదులైనదేదో తెలిసిపోతుంది. రంగు పూసి ఫొటో తీస్తే తెలియదు.

కాబట్టి పాత ట్రస్ వంతెనల మీద పాత పొర గీకకుండా కొత్త తారు వేయకూడదనీ, ఇప్పటికే ఉన్న మందాన్ని రంధ్రం చేసి కొలిచి, ఆ బరువుతో కూడలి పలకల లెక్కను మళ్లీ సరిచూడాలనీ సంబంధిత ఇంజినీర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వంతెనల ఇంజినీరు